ఉప్పును తట్టుకున్న వరి

మా గైడ్ సార్ గదిలో చాయ్ తాగాలంటే మా ల్యాబ్‌లో అందరికీ భయం. తిడితే ఫరవాలేదు. కూర్చోబెట్టి చాయ్ తెప్పించారంటే మాత్రం ఇంకో ఏడాది ఇరుక్కున్నట్టే.

నా పీహెచ్‌డీ సముద్రపు నాచు మీద. నాచు నుంచి తీసిన రసాన్ని పిచికారీ చేస్తే ఉప్పు తేలిన నేలలో వరి నిలదొక్కుకుంటుందా అన్నది తేల్చాలి. సముద్రం ముఖం చూడని హైదరాబాదులో, యూనివర్సిటీ మేడ మీద కుండీలు పెట్టి, వాటికి నా చేతులతోనే ఉప్పునీళ్ళు పోసేదాన్ని. ఆదివారం లేదు, పండగ లేదు. తార్నాకలో అద్దె గది నుంచి క్యాంపస్‌కి, క్యాంపస్ నుంచి గదికి. గానుగెద్దు నయం, దానికి కళ్ళగంతలైనా ఉంటాయి.

మొదట్లో నారంతా మాడిపోయేది. అప్పుడు సార్ నన్ను పలకరించేవారే కాదు. ఈసారి నాచురసం కొట్టిన కుండీలన్నీ పచ్చగా లేచాయి. ఎగిరి గంతేశాను. మా ఊరి దగ్గర కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం ఖాయమై ఉంది. నెలాఖరులోగా థీసిస్ ఇచ్చేస్తే చేర్చుకుంటామన్నారు. దానికి సార్ ఒప్పుకోవాలి.

"సంతకం పెట్టేదాక కుర్చీల కూసోకు. చాయ్ అయితే ముట్టనే ముట్టకు," అని చెప్పి పంపింది నా రూమ్మేట్.

నిలబడే అడిగాను. సార్ కుండీల ఫొటోలు చూశారు. మళ్ళీ మొదటి నుంచీ చూశారు.

"కూర్చోమ్మా," అని చాయ్ చెప్పారు. కూర్చున్నాను.

"ఇంత బాగా వచ్చాక వదిలేస్తామా? ఒక్క పంట చవుడు పొలంలో వేసి చూద్దాం. నువ్వు తప్ప ఎవరు చేస్తారు ఈ పని?"

"సార్, నా ఉద్యోగం..."

"ఉద్యోగాలు ఎక్కడికి పోతాయమ్మా?"

కోపంతో చెవులు వేడెక్కాయి. సిగ్గు లేకపోతే సరి, ఆ 'నువ్వు తప్ప' అన్న మాటకు లోపల పొంగిపోయాను కూడా. సార్‌కి ఆ సంగతి బాగా తెలుసు. తలూపి, చాయ్ తాగేసి వచ్చాను.

మేడ మీద కుండీల పక్కన నిలబడి కాలేజీ ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేశాను. చేరలేనని చెప్పాను.

"అయ్యో, ప్రయోగం చెడిపోయిందా తల్లీ?" అన్నారాయన జాలిగా.

"లేదండీ, చాలా బాగా వచ్చింది," అంటూ ఏడ్చేశాను.