యోరూన్ చేపల చోటు

సముద్రంలో చేపలు దొరికే చోటును నేలమీద ఉండి నోటితో చెప్పకూడదు. నార్వే పడమటి తీరపు దీవుల్లో అది పాత కట్టుబాటు. చెప్పదలచినవాణ్ణి పడవెక్కించుకుని ఆ చోటికే తీసుకెళ్ళాలి. చర్చి గోపురం ఏ కొండ అంచుకి సూటిగా వస్తుందో చూపించాలి. ఆపైన గాలాల తాడు వాడి చేతికిచ్చి లాగించాలి.

ఇంగ్వాల్డ్ తన చోటును కొడుక్కి చూపించలేదు. కొడుకు స్వైనుంగ్ మీసాలైనా రాకముందే, సముద్రం అడుగున వల ఈడ్చే పెద్ద ట్రాలర్ ఓడ ఎక్కి పోయాడు. అందుకని కూతురు యోరూన్‌కి చూపించాడు. "ఇంగ్వాల్డ్ పడవకి గౌను తొడిగాడ్రోయ్!" అని రేవులో మగవాళ్ళు ఇకిలించారు. ఆమె ఎర్రచేపలతో పడవ నింపుకొచ్చాక ఆ నోళ్ళు మూతపడ్డాయి.

అక్కడ నీళ్ళడుగున, వెలుతురు చొరని చలిలో, పగడాల అడవి ఉంది. దాన్ని కళ్ళారా చూసినవాళ్ళెవరూ లేరు. గాలాలకి తగులుకుని పైకొచ్చే పుల్లముక్కలే ఆనవాలు. "నీటి చెట్లు" అనేవాడు ఇంగ్వాల్డ్. కడుపుతో ఉన్న ఎర్రచేపలు వాటి మధ్యకే చేరతాయి. వెళ్ళిన ప్రతిసారీ కొన్ని గాలాలు చిక్కుకుని తెగేవి. అది చెట్లకి కట్టే కప్పం అనుకుని యోరూన్ సరిపెట్టుకునేది. ఆమెకున్న జీవనాధారమల్లా ఆ చోటొక్కటే.

తండ్రి పోయిన మరుసటి శీతాకాలం స్వైనుంగ్ వచ్చాడు. మనిషి సగమయ్యాడు. ట్రాలర్‌కి చేప తగలడం లేదు, సగంమందిని దింపేస్తామంటున్నారు. ఉప్పుచేప, బంగాళాదుంపలు ముందు పెడితే కెలుకుతూ కూర్చున్నాడు.

"నాన్న నన్నెప్పుడైనా కొడుకనుకున్నాడా అక్కా?"

"తిను ముందు. చల్లారిపోతోంది."

"చోటు చెప్పమని నేనడగట్లేదులే."

"నోరు అడగట్లేదు. మొహం అడుగుతోంది."

బయట గాలి ఇల్లు ఊపేస్తోంది, పడవ తీసే రోజు కాదు. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు చూసి ఆమె మనసు కరిగిపోయింది. కాఫీ కెటిల్‌ని చర్చి అనుకోమంది, చక్కెర గిన్నెని కొండ అనుకోమంది. రెండింటినీ ఒక వరుసకి జరిపి చెప్పేసింది. చెట్ల మాట మాత్రం ఎత్తలేదు. దాచాలనేం కాదు. పడవలో ఉండుంటే ఆ సంగతి తాడే చెప్పేది, ఎవరూ చెప్పక్కర్లేకపోయేది.

వసంతంలో స్వైనుంగ్ నవ్వుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. స్వెటర్‌లో చుట్టి తెచ్చిన గులాబీరంగు కొమ్మ బల్లమీద పెట్టాడు.

"నీకే అక్కా! కిటికీలో పెట్టుకో. అడుగంతా ఇవే. మొదటిసారి వల పీలికలైపోయింది. అప్పుడు ఓడ వెనక ఇనుప గొలుసులు కట్టి అటూ ఇటూ ఈడ్చాం. శుభ్రంగా చదునైపోయింది. ఇక నీ గాలాలు ఒక్కటీ చిక్కవు, చూస్కో!"

యోరూన్ కుర్చీ పట్టుకుని నిలబడింది. వాడి మొహంలో ఎక్కడా మోసం లేదు, అక్కకి మేలు చేశానన్న సంబరమే ఉంది.

"బూట్లేసుకో," అంది. "పడవెక్కు."

ఆ చోటికి చేరాక తాడు దించి, చాలాసేపు ఆగి, కొస వాడి చేతిలో పెట్టింది. తాడు జరజరా పైకి వచ్చేసింది. ఎక్కడా తగలలేదు, ఎక్కడా బరువు లేదు. మొదటి గాలం వచ్చింది. గుచ్చిన ఎర గుచ్చినట్టే ఉంది. దాని వెనకది, దాని వెనకది కూడా అంతే. స్వైనుంగ్ నవ్వు మెల్లగా మాయమైంది. చేతులు ఆగిపోయాయి.

"అక్కా... అవి మళ్ళీ ఎప్పటికి పెరుగుతాయి?"

"నీ మనవలు కూడా చూడరు."

వాడు తాడు వదలబోయాడు. "నావల్ల కాదక్కా. నువ్వు లాగు."

"లాగు," అంది యోరూన్. "కొసదాకా నువ్వే లాగు."

వాడు ఏడుస్తూ లాగాడు.