ఉప్పు కొలిచిన డాక్టరమ్మ

మా పశువుల డాక్టరమ్మ గారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున ఒంగోలు నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను షెడ్డులో కోళ్లకు మేత వేస్తున్నాను. బక్కెట్టు కింద పెట్టేశాను. మేము ఈరోజుకీ కోళ్లు పెంచుకుని బతుకుతున్నామంటే అది ఆవిడ వల్లే.

పర్చూరు దగ్గర మాది పత్తి సేద్యం. తొంభైల చివర్లో వరసగా పచ్చపురుగు పడి పత్తి చేతికి రాకుండా పోతుంటే, నేనూ మా ఆయనా చేలో ఒక మూల షెడ్డు వేసి బ్రాయిలర్ కోళ్లు పెట్టాం. మొదటి బ్యాచి బాగా వచ్చింది. ఆ ధైర్యంతో రెండో బ్యాచికి మేత మేమే కలుపుకున్నాం. మొక్కజొన్న, సోయా చెక్క, వాడరేవు నుంచి తెచ్చిన ఎండుచేపల పొడి, పైన అందరూ వేసే ఉప్పు.

కొన్నాళ్లకే కోళ్లు అదే పనిగా నీళ్లు తాగడం మొదలుపెట్టాయి. కింద పరిచిన ఊక తడిసి ముద్దయింది. పొట్టలు ఉబ్బి, రోజూ కొన్ని చచ్చిపోతున్నాయి. పక్క చేలోనే మా బావగారి షెడ్డు. ఆయన నలుగురు మనుషుల్ని వెంటేసుకుని వచ్చి మా ఆయన మీద కేకలేశారు.

"ఒరేయ్, ఇది తెగులురా! మావాటికీ అంటుకుద్ది. అన్నిటినీ గోతిలో వేసి పూడ్చెయ్!"

మా ఆయన పరుగున వెళ్లి డాక్టరమ్మ గారిని పిలుచుకొచ్చారు. ఆవిడ మోపెడ్ దిగేసరికి గొయ్యి సగం తవ్వేశారు. ఆవిడ నేరుగా షెడ్డులోకి వెళ్లారు. చచ్చిన కోళ్లను కోసి చూశారు. పొట్టల నిండా నీళ్లు. తర్వాత మా బోరు నీళ్లు కొంచెం నోట్లో పోసుకుని ఉమ్మేశారు. మేత చిటికెడు నాలుక మీద వేసుకున్నారు.

"ఎండుచేపల్లో ఉప్పు ఉంది. మీ నీళ్లలోనూ ఉంది. మళ్లీ పైన ఎందుకు వేశారమ్మా?"

"అందరూ వేస్తారు కదండీ," అన్నాను.

"అందరి బోర్లూ ఇంత ఉప్పగా ఉండవు."

బావగారు ముందుకొచ్చారు. "మరి మా షెడ్డు సంగతేంటండీ?"

"ఉప్పు ఒక కోడి నుంచి ఇంకో కోడికి అంటుకోదండీ. ముందు ఆ గొయ్యి పూడ్పించండి. మీ షెడ్డులో ఒక్క కోడికి ఈ జబ్బు అంటినా చెప్పండి, నేనే వచ్చి దగ్గరుండి తవ్విస్తాను."

గొంతు పెంచలేదు. అయినా ఆ మనుషులు గోతిలోకి మట్టి లాగడం మొదలుపెట్టారు.

మేతా నీళ్లూ పరీక్షకు గుంటూరు పంపించారు గానీ, ఆ ఫలితం కోసం ఆగలేదు. "కాగితం వచ్చేదాకా కోళ్లు ఆగవు కదమ్మా," అని, అప్పటికప్పుడే ట్యాంకరుతో మంచినీళ్లు తెప్పించారు. చేపల పొడి, ఉప్పు మాన్పించి మేత మార్పించారు, తడి ఊక ఎత్తించారు. వారం తిరిగేలోపు చావులు ఆగాయి. గుంటూరు నుంచి వచ్చిన కబురూ అదే, ఉప్పు అని. కొన్ని పోయినా, బ్యాచిలో చాలావరకు దక్కాయి.

ఇది చూసి మా బావగారికి ఉప్పంటేనే భయం పట్టుకుంది. తన కోళ్ల మేతలో ఉప్పు పూర్తిగా మానేశారు. చేపల పొడి సరేసరి. ఆయన బోరు నీళ్లు మావాటిలా ఉప్పనివి కావు, అటునుంచీ ఉప్పు అందలేదు. అవి ఎదగకపోగా ఒకదాన్నొకటి రక్తం వచ్చేలా పొడుచుకోవడం మొదలుపెట్టాయి. ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చి నెమ్మదిగా అన్నారు.

"అమ్మాయ్, డాక్టరమ్మ గారిని నువ్వే ఒకసారి పిలువు. ఆ రోజు తెగులని అంత గొడవ చేశాక నేను పిలిస్తే ఏం బాగుంటది?"

కబురందిన రోజే వచ్చారావిడ. పాత మాట ఎత్తలేదు గానీ, కొత్తగా చీవాట్లు పెట్టారు.

"ఉప్పు కొలవమన్నాను గానీ మానేయమన్నానా? ఉప్పులోనే కదండీ సోడియం ఉండేది. అది లేకపోతే తిన్నది ఒంటబట్టదు. ఆ వెలితికే పక్కదాన్ని పొడుస్తాయి."

ఉప్పూ, ఖనిజాల పొడీ తూచి, ముందు దోసెడు మొక్కజొన్న నూకలో కలిపి, ఆ నూకను మేత కుప్పంతటికీ పట్టించి చూపించారు. "ఒక కోడికి గడ్డ, ఇంకోదానికి సున్నా కాకూడదు," అన్నారు. ఆ సాయంత్రం బావగారింట్లోనే టీ తాగి వెళ్లారు. ఆ తర్వాత మా చుట్టుపక్కల ఎవరు షెడ్డు కడుతున్నా, ముందు బోరు నీళ్లు పరీక్షకు పంపమని వెంటపడి చెప్పేది మా బావగారే.

రిటైరై ఒంగోలు వెళ్లిపోయాక కూడా, ఎండలు ముదిరితే ఆవిడ ఫోన్ వచ్చేది. "నీళ్లలో వంటసోడా కలుపుతున్నారా?" అని. ఎండకు రొప్పి రొప్పి కోళ్ల ఒంట్లో ఉండాల్సినవి తగ్గిపోతాయనీ, అప్పుడు సోడా ఆదుకుంటుందనీ మాకు నేర్పింది ఆవిడే.

ఒక మే నెల మధ్యాహ్నం నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. కోళ్లన్నీ నోళ్లు తెరిచి, రెక్కలు వాల్చేసి ఉన్నాయి. ఆవిడ తన చేత్తోనే నీళ్లలో సోడా కలిపి, కిటికీలకు తడి గోతాలు కట్టించి, ఊక మీదే చతికిలపడ్డారు. కాసేపటికి ఒక్కొక్కటే నోరు మూసుకున్నాయి. ఒక కోడి వచ్చి ఆవిడ పాదం మీద వాలి కళ్లు మూసింది. నేను టీ తెస్తే, వేలితో పక్కన పెట్టమని సైగ చేశారు. టీ చల్లారిపోయింది. ఆ కోడి లేచేదాకా ఆవిడ కాలు కదపలేదు.