కొంగు ముడిలో వేరుశెనగ కాయలు

పదో తరగతిలో నాకు దిగులు జబ్బు పట్టుకుంది, దాంతోపాటు నిద్ర పట్టడం మానేసింది. అనంతపురం డాక్టరు మాత్రలు రాయలేదు. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వస్తుందో రాసుకోమని ఒక నోట్‌బుక్ ఇచ్చాడు. నన్ను పిచ్చిదని తేల్చడానికే ఈ ఎత్తు అనుకుని, నేను రోజూ సున్నా రాశాను.

వారం తర్వాత డాక్టరు సున్నాలు చూసి అమ్మ వైపు తిరిగాడు. చదువు రాని అమ్మ కొంగు ముడి విప్పి, గుప్పెడు వేరుశెనగ కాయలు బల్ల మీద పోసింది.

"పాప లేసినప్పుడల్లా ఒగటి ఏసినా సార్."

పక్కనే పడుకుని దొంగ గురక పెడుతూ నన్ను కాపలా కాసిందా అని ఒళ్లు మండింది.

డాక్టరు కాయలు లెక్కపెట్టలేదు. "మరి నువ్వెప్పుడు పండుకున్నావమ్మా?" అన్నాడు.

అమ్మ కాయలు ఏరుకోసాగింది.