యాభై మూడో నంబరు

ఆఫీసులో ఆయన్ని అందరూ సీనియర్ గారనే పిలుస్తారు. పదిహేడేళ్ళుగా ఒకే కుర్చీని అరగదీసినందుకు దక్కిన బిరుదు అది. కళ్ళాసుపత్రిలో రోగుల నంబర్లు చూపించే బోర్డు వెనకున్న ప్రోగ్రాం ఆయన చేతి చలవే. అది అప్పుడప్పుడూ ఒక నంబరు మింగేస్తోందని ఆసుపత్రివాళ్ళు నెల రోజులుగా మొత్తుకుంటున్నారు. సీనియర్ గారు ఆ ప్రోగ్రాంని తన కంప్యూటర్లోనే నడిపి, తర్వాతి నంబరుని పిలిచే బటన్‌ను మర్యాదగా ఒక్కసారి నొక్కి, నంబరు మారేదాకా చేతులు కట్టుకుని చూసేవారు. అంత మర్యాదకి ఏ తప్పు మాత్రం బయటపడుతుంది?

ఆ సోమవారం మేనేజరు పట్టుబట్టాడు. "ఇక్కడ కూర్చుని వెతికింది చాలు. ఆసుపత్రి సర్వర్‌కే కనెక్టయి చూడండి."

ఆ పొద్దున్నే ఆయన భార్య అదే ఆసుపత్రికి ఒంటరిగా బయల్దేరింది. మూడు నెలలు ఎదురుచూస్తే దొరికిన అపాయింట్‌మెంటు. డాక్టరు ఒంటిగంటకల్లా వెళ్ళిపోతాడు. తోడు రమ్మంటే సీనియర్ గారికి తీరికెక్కడిది, ఆఫీసంతా ఆయన భుజాల మీదే నిలబడి ఉంటే!

పక్క సీటులో కొత్తగా చేరిన అమ్మాయి ఉండబట్టలేక అంది. "సార్, నడుస్తున్న సర్వర్లో బ్రేక్‌పాయింట్ పెడితే ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. బోర్డూ ఆగిపోతుంది. వాళ్ళ టెస్ట్ సర్వర్లో చూద్దాం సార్."

"నాకే నేర్పుతున్నావా అమ్మాయ్?" అంటూ ఆయన బ్రేక్‌పాయింట్ పెట్టేశారు.

ప్రోగ్రాం టక్కున ఆగింది. సీనియర్ గారి సంబరానికి పట్టపగ్గాల్లేవు. నలుగుర్నీ పోగేసి, తెర మీద ఒక్కో అంకె చూపిస్తూ ఉపన్యాసం అందుకున్నారు. నలభై నిమిషాలు. ఈలోగా భార్య మూడుసార్లు ఫోన్ చేస్తే మూడుసార్లూ కట్ చేశారు. నాలుగోసారి విసుక్కుంటూ ఎత్తారు.

"ఏమండీ, బోర్డు యాభై రెండు దగ్గరే ఆగిపోయింది. నాది యాభై మూడు. కళ్ళల్లో చుక్కలు వేశారు, అంతా మసకమసగ్గా ఉంది. నర్సేమో ఆ బటన్ నొక్కుతూనే ఉంది."

సీనియర్ గారు ఉపన్యాసం ఆపేశారు. గబగబా ప్రోగ్రాంని వదిలారు. అప్పటిదాకా నర్సు నొక్కిన నొక్కుళ్ళన్నీ వరసగా అందుకుని బోర్డు రెప్పపాటులో డెబ్బై ఒకటికి పరిగెత్తింది. నెల రోజుల తప్పు అలా దొరికింది. ఆసుపత్రిలో ఎవరూ బటన్‌ని ఒక్కసారి నొక్కి ఊరుకోరు, రెండో నొక్కుకి ఒక నంబరు ఎగిరిపోతుంది.

"కదిలిందంటున్నారు. నా నంబరు వచ్చిందా? మీరు చేసిన బోర్డే కదా, కాస్త చూసి చెప్పండి."

ఆయనకి తెర మీద బోర్డు అంకే కాదు, డెబ్బై ఒకటి, కనిపిస్తోంది, గడియారంలో పన్నెండూ యాభై కూడా కనిపిస్తోంది. "అదేంటంటే, నొక్కినవన్నీ లోపల వరసకట్టి..." అని మొదలెట్టారు.

"మీ పక్కన ఇంకెవరైనా ఉంటే ఫోన్ వాళ్ళకివ్వండి," అంది ఆవిడ.

కొత్తమ్మాయి అందుకుంది. "అమ్మా, ఆ బోర్డు సంగతి వదిలేయండి. ఒక్కసారి నర్సుకివ్వండి, నేను చెప్తాను." నర్సుతో రెండే రెండు మాటలు మాట్లాడింది. అవతల ఎవరో "యాభై మూడూ!" అని గొంతెత్తి పిలిచారు.

"లోపలికి వెళ్ళిందా?" అని సీనియర్ గారు ఆ అమ్మాయిని అడిగారు. తన భార్య సంగతి నిన్నగాక మొన్న చేరిన పిల్లని అడిగి తెలుసుకోవాల్సి వచ్చినందుకు ఆయనకి చచ్చేంత సిగ్గేసింది.