కళ్లు మూసుకుని వేసే బెజ్జం

గోడ పలకకు బెజ్జం పడబోయే ఆఖరి క్షణంలో ఆ మనిషి కళ్లు ఎందుకు మూసుకునేవాడు? ఇన్నేళ్లుగా అప్పుడప్పుడూ ఆలోచిస్తూనే ఉన్నాను, అంతు చిక్కలేదు. దుమ్ముకు భయపడి అనుకుందామా అంటే ఆయన పనిలో దుమ్మే ఉండదు, అంతా నీళ్లూ తెల్లటి బురదానూ.

ఆయన్ని మా వీధిలో బెజ్జాల మేస్త్రీ అనేవారు. వయసులో ఉండగా ఇళ్లలో నేలకూ గోడలకూ పలకలు పరిచాడట. మోకాళ్లు మొండికేశాక గొంతుక్కూర్చునే పని మానేసి, నిలబడి చేసేది ఒక్కటే ఉంచుకున్నాడు: ఎప్పుడో పరిచేసిన పలకలకు అవి పగలకుండా బెజ్జాలు వెయ్యడం. మారు పలక దొరకని చోట, మిగతావాళ్లు చేతులెత్తేసిన చోట ఆయన్ని పిలిచేవారు. ఆ సంగతి ఆయనే చెప్పుకునేవాడు, మొహమాటమేమీ లేకుండా. "ఈ ఊళ్లో సగం మంది నా బెజ్జాలకు వేలాడే అద్దాల్లోనే మొహం చూసుకుంటున్నారు సార్. ఇంట్లో మాత్రం మేకు కొట్టాలంటే మా ఆవిడ పక్కింటాయన్ని పిలుస్తుంది."

ఆయన మా గడప తొక్కడానికి కారణం మా అక్క. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని, గోడకు పట్టుకునే కడ్డీ బిగించేదాకా ఒంటరిగా స్నానం చెయ్యడానికి వీల్లేదని డాక్టరు చెప్పాడు. అందాకా మా ఆవిడే నీళ్లు పోసేది. ఆ కాసేపూ అక్క గోడకేసి చూస్తూ కూర్చునేదట, నోరు విప్పకుండా. ఇల్లంతా తన మాటలతో నింపే మనిషి. ఒకరోజు తల తుడుచుకుంటూ నాతో అంది: "పుట్టినప్పుడు అమ్మ పోసింది. పోయాక మీరెలాగూ పోస్తారు. మధ్యలోనైనా నన్ను పోసుకోనివ్వండిరా."

అంతకు ముందొచ్చిన ప్లంబరు డ్రిల్లు మీటను సుత్తిదెబ్బల వైపు తిప్పి నొక్కాడు. పలక ఈ మూల నుంచి ఆ మూలకు చిట్లింది. ఆ రకం పలకలు ఇప్పుడు తయారు చెయ్యడం లేదు. కడ్డీ అట్టపెట్టెలోనే ఉండిపోయింది, అక్క మౌనమూ అలాగే ఉండిపోయింది.

బెజ్జాల మేస్త్రీ వచ్చి ముందుగా ఆ చీలికను బొటనవేలితో రాశాడు. "పోర్సిలినండి ఇది. రాయికి కాస్త ఓపిక ఉంటుంది, నిదానంగా అరిగి దారిస్తుంది. దీనికి కోపమెక్కువ." ఆయన డ్రిల్లు మీద ఓ పక్కన గట్టిపడిన జిగురు ముద్ద కనిపించింది. ఏమిటని అడిగాను. "సుత్తిదెబ్బల మీటండి. చెయ్యి పాత అలవాటుతో నాకు చెప్పకుండా తిప్పేస్తుంది. అందుకే అతికించేశాను."

అక్క తలుపు బయట స్టూలు మీద కూర్చుని, మెడ చాచి చూస్తోంది. "ఆ గొట్టం ఏమిటి నాయనా?"

ఆయన చూపించాడు. చిటికెన వేలికన్నా సన్నని బోలు గొట్టం, అంచున బూడిదరంగు గరుకు. "ఆ గరుకంతా వజ్రప్పొడి అక్కగారూ."

"వజ్రమే! అయితే మా గోడకి ముక్కుపుడక పెడుతున్నావన్నమాట."

"ముక్కు కుట్టడం నయం. నొప్పెడితే పిల్ల ఏడుస్తుంది, తెలుస్తుంది. ఇది ఏడవదు, ఉన్నట్టుండి పగులుతుంది."

నేనూ మా ఆవిడా పగలని పలకల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టి ఉంచాం. ఆయన అక్కడ వేలి కణుపుతో తట్టాడు, కొంచెం జరిగి మళ్లీ తట్టాడు. మొహం ముడుచుకుంది. "డొల్ల. పలక వెనక సిమెంటు అందలేదు. మరమేకు బిగిస్తే ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది, కడ్డీ ఊడి చేతికొస్తుంది. ఇక్కడ నేను వెయ్యను."

"మరి ఎక్కడ?" అంది మా ఆవిడ.

"అదే తెలీడం లేదమ్మా. పైన గట్టిగానే ఉంది, కానీ అక్కగారికి అందదు."

అక్క లేచి నిలబడి, "తప్పుకోండి, నా గోడ నేను చూసుకుంటాను" అంటూ లోపలికి అడుగేసింది. తడి నేల మీద కాలు కాస్త జారింది. మా ఆవిడ "వదినా!" అని నడుం పట్టుకునేలోపే అక్క చెయ్యి దానంతట అదే గోడను పట్టుకోబోయింది. మా గుర్తులకు జానెడు కింద, కుళాయి వైపు. ఆమె చెయ్యి తీశాక అరచేతి చెమట తడి అక్కడ మిగిలింది.

ఆయన ఆ తడి మీదే తట్టాడు. ఇంకోసారి తట్టాడు.

"గట్టి" అన్నాడు, ఎవరితోనో పందెం గెలిచినట్టు.

గొట్టాన్ని డ్రిల్లుకు బిగించి, ముందు పక్కకు వాల్చి ఆనించాడు. నునుపు మీద జారకుండా నెలవంకలాంటి గాటు పడింది. గాటులోనే మెల్లగా నిలబెట్టాడు. మూతకు చిల్లిపెట్టిన సీసాతో నన్ను నీళ్లు పొయ్యమన్నాడు. డ్రిల్లు మీద బరువు వెయ్యలేదు, ఆనించి ఉంచాడంతే. మధ్యమధ్య వెనక్కు తీసి చల్లబరిచాడు. తెల్లటి బురద గోడ వెంట పాలధారలా దిగింది. అది వెనక సిమెంటు తగిలి బూడిదరంగుకు తిరగబోతుండగా కళ్లు మూసుకున్నాడు. డ్రిల్లు శబ్దం ఒక్కసారిగా మెత్తబడింది, కళ్లు తెరిచాడు.

"ఎందుకలా మూసుకున్నారు?"

"చూస్తే చెయ్యి తొందరపడుతుంది సార్."

తరవాతి బెజ్జం దగ్గర మళ్లీ అడిగాను. "కళ్లజోడు తెచ్చుకోలేదు, తెరిచినా ఒకటే" అన్నాడు.

"దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాడ్రా, వేధించకు" అంది అక్క.

"భయం వేస్తుందేమో" అని మా ఆవిడ నా చెవిలో గొణిగింది. ఆయనకు వినిపించింది. నవ్వాడు గాని కాదనలేదు.

కడ్డీ ఏటవాలుగా బిగిసింది, అక్క చెయ్యి వెళ్లిన దారిలో. ఆయన రెండు చేతులతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి వెనక్కు వేలాడాడు. పలక కిమ్మనలేదు.

"ఎప్పట్నించి వాడుకోవచ్చు?" అంది అక్క.

"మరమేకులేగా అక్కగారూ, ఆరడానికి జిగురేం కాదు. ఇప్పుడైనా సరే."

నేను కూలి ఆయన చేతిలో పెట్టేసరికే అక్క తువ్వాలు భుజాన వేసుకుంది. "గడియ పెట్టకు వదినా" అని మా ఆవిడ అంటూనే ఉంది, లోపల గడియ పడింది. ఇద్దరం తలుపు దగ్గరే నిలబడిపోయాం. కుళాయి తిప్పిన చప్పుడు. బకెట్టు నిండుతున్న చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. తరవాత చెంబుతో నీళ్లు ఒంటిమీద పడిన చప్పుడు, ఆ వెంటనే అక్క గొంతు: "అమ్మాయ్, సబ్బు ఇంత చిన్న ముక్క ఉంచారేం? ఎవరు తినేశారు?"

మా ఆవిడ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. మేస్త్రీకి టీ అయినా ఇవ్వలేదని అప్పుడు గుర్తొచ్చి వెనక్కు తిరిగాను. నేల మీది బురద శుభ్రంగా తుడిచి ఉంది. వీధి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసి ఉంది. గేటు దాకా వెళ్లి చూశాను. వీధి చివర సంచీ భుజానికి తగిలించుకుని, మోకాళ్లు వంగని ఆ నడకతో, ఆయన మలుపు తిరుగుతున్నాడు.