సెల్లులు అయిపోతాయని ఆపేసిన పాట

ఒకప్పుడు మేము ముగ్గురం కలిసి పాడేవాళ్ళమని చెబితే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, నాకేం కొత్త కాదు. కువైట్‌లోని ఈ మంగఫ్‌లో ఏ మాట చెప్పినా ముందు సాక్ష్యం అడిగే మనుషుల మధ్యనే బతుకుతున్నాను. కానీ అక్క కూడా నమ్మడం మానేసింది చూడండి, అదీ నా ఒళ్ళు మండించిన సంగతి.

అక్క నా తోడబుట్టినది కాదు. రాయచోటి పక్క పల్లె మనిషి. ఆ రోజుల్లో కువైట్‌లోనే రుమైథియా అనే పేటలో ఒక అరబ్బీ ఇంట్లో వంట చేసేది. పక్కింట్లో నేను పిల్లలకు హోంవర్కు చేయించేదాన్ని, తర్వాత వాళ్ళ ముక్కులు కూడా తుడిచేదాన్ని. బి.ఏ. పాసై ఈ పనికి వచ్చానని అందరూ నన్ను 'డిగ్రీ' అని పిలిచేవాళ్ళు. ఎదురింట్లో జగిత్యాల నుంచి వచ్చిన ఆమె బట్టలు ఉతికేది, ఊళ్ళోవాళ్ళందరినీ కూడా ఉతికేది, నోటితో.

ముగ్గురిలో గొంతంటే అక్కదే. మా ఇద్దరివి ఆ గొంతుకు ఆసరా పెట్టిన గుంజలు. ఆ తర్వాత కొన్నేళ్ళకు అక్క మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు, గడ్డతోపాటు గొంతూ పోయింది. ఇప్పుడు మాట్లాడితే ఇసుకలో చెప్పు ఈడ్చినట్టుంటుంది. ఈమధ్య ఫోనులో మనవరాలికి పాట పాడబోతే ఆ పిల్ల "వద్దవ్వా, భయమైతాంది" అందట. అప్పటినుంచి అక్క కొత్త మాట పట్టుకుంది.

"నేనేం పాడింటి మే? అదంతా నీ పైత్యం."

నాతో ఎంత వాదించినా ఓర్చుకుంటాను గానీ, నేను కళ్ళారా చూసి చెవులారా విన్నదాన్ని లేదంటే ఊరుకోను. అయితే చూపించడానికి నా దగ్గర ఏముంది? ఉన్న ఒక్క టేపూ పోయిందాయె.

ఆ టేపు సంగతి చెప్పాలంటే ఇరాక్ వాళ్ళు వచ్చిన ఆగస్టుకు పోవాలి. ఎండలకు మామాలందరూ, అంటే మేం పనిచేసే ఇళ్ళ యజమానురాళ్ళు, పిల్లలతో సహా చల్లటి దేశాలకు వెళ్ళిపోయారు. ఇళ్ళ తాళాలు మా చేతుల్లో ఉన్నాయి. ఒకరోజు తెల్లవారి చూస్తే వీధిలో ట్యాంకులు. మేమిద్దరం మా ఇళ్ళకు తాళాలేసి, అక్క ఉన్న ఇంట్లో నేల కింద గదిలోకి చేరిపోయాం. మొదట్లో బాగా ఏడ్చాం. ఎన్నాళ్ళని ఏడుస్తాం? ఏడుపు కూడా విసుగొస్తుంది. పొద్దున్నే రొట్టెల దుకాణం దగ్గర వరసలో నిలబడి రావడం, మామా దాచిన ఖర్జూరాలు తినడం, ఎన్నడూ కూర్చోనివ్వని సోఫాలో కాళ్ళు చాపి పడుకోవడం. నిజం చెప్పొద్దూ, మా జీవితాల్లో పని చెప్పేవాళ్ళు లేని రోజులు అవే.

ఆ గదిలో మామా పెద్దకొడుకు టేప్‌రికార్డరు ఉండేది, మంచం అంత పొడవు. దాంట్లో ఒక టేపు మిగిలి ఉంది. అట్ట లేదు, పేరు లేదు. అమెరికా నల్లజాతి ఆడవాళ్ళు ముగ్గురు పాడుతున్నారు. ఒకామె గుండె చీల్చుకుని పాడుతుంటే, మిగతా ఇద్దరూ వెనకనుంచి 'ఊ... ఊ...' అంటూ ఆమెను పడిపోకుండా పట్టుకుంటున్నారు. వాళ్ళెవరో ఇప్పటికీ తెలియదు.

"ఏం చెప్తాండారు మే, నువ్వు చదువుకున్యావు కదా?" అని అక్క అడిగింది.

"మొగుడు పోయాడంట. మళ్ళీ వస్తాడంట. వస్తే చెప్పుతో కొడుతుందంట."

"కొట్టేదానికి ఇంత ముద్దుగా పాడాల్నా?"

"గట్ల కొడ్తది గాబట్టే పోయిండు గావచ్చు," అంది జగిత్యాల ఆమె.

అక్క ఊళ్ళో వేరుశనక్కాయ చేలల్లో కలుపు తీసేటప్పుడు పాట ఎత్తుకునే మనిషి. అక్కడ ఒకరు ఎత్తితే అందరూ అదే వరసలో అందుకుంటారు. ఈ టేపు విన్నాక అక్కకు కొత్త బుద్ధి పుట్టింది. తాను పైన పాడుతుంటే మమ్మల్ని అడుగున 'ఊ' అనమంది. నేను అడుగున ఉండనన్నాను, జగిత్యాల ఆమె అసలు ఊ కొట్టడమే తన ఇంటా వంటా లేదంది. కొట్టుకున్నాం, తిట్టుకున్నాం, చివరికి ఊ అన్నాం. బయట సిపాయిలకు వినబడకూడదు కాబట్టి డప్పు బదులు దిండు వాయించాం. పాట మాత్రం మాదే, ఏ రోజుకారోజు కట్టుకున్నది.

*రొట్టెకు పోతిని, రోడ్డంతా సిపాయి*
*రొట్టె తెస్తిని, రొమ్మంతా వెచ్చన*
*ఊరికి పోదామా, ఊ... పోదాం, పోదాం*

గట్టిగా పాడకూడదు కదా, అందుకని అక్క గొంతు తగ్గించి, ఊపిరి చివర పట్టుకుని పాడేది. గొంతెత్తి పాడినప్పటికన్నా అది బాగుండేది. కిందనుంచి పైకి చేరే మెట్టు దగ్గర ఆగి, ఒకసారి తిరిగి చూసి, అప్పుడు ఎక్కేది.

దీన్ని పట్టుకోవాలని నేనే పట్టుబట్టాను. కొత్త టేపులు ఎక్కడివి? ఉన్నవి ఉత్తరాల టేపులే. ఆ రోజుల్లో మాలో సగంమందికి రాయడం రాదు, అందుకని ఇంటివాళ్ళు టేపులో మాట్లాడి, కువైట్ వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళు. మనం విని, దానిమీదే మన మాటలు ఎక్కించి, పోయేవాళ్ళ చేతికిచ్చేవాళ్ళం. ఒకే టేపు ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరిగేది. విమానాలు నిలిచిపోయాయి కాబట్టి అక్క టేపు ఒకటి పంపకుండా ఉండిపోయింది. వాళ్ళాయన మాటలున్న టేపు.

"ఎక్కించు," అంది అక్క. "ఆయప్ప చెప్పేది నాకు నోటికొచ్చులే. డబ్బు పంపు, ఒళ్ళు జాగ్రత్త, డబ్బు పంపు."

అలా రెండు పక్కలా మా పాటలు ఎక్కాయి. తర్వాత మమ్మల్ని బస్సుల్లో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ చేర్చి, విమానమెక్కించారు. దారిలో సిపాయిలు గడియారాలు, రేడియోలు ఊడబెరికారు. టేపు మాత్రం అక్క నెలసరి గుడ్డల మూటలో ఉంది. ఆ మూట విప్పమన్నవాడు సగం విప్పి, మొహం తిప్పుకుని, "యల్లా, యల్లా" అని పొమ్మన్నాడు. జగిత్యాల ఆమె ఆ కథను ఇప్పటికీ చెబుతుంది, ఆ సిపాయి మొహంతో సహా.

యుద్ధమయ్యాక అక్క మామా తిరిగొచ్చి వీసా పంపింది. అక్క వెనక్కి వచ్చింది, తర్వాత మేమూ వచ్చాం. కలవగానే నేను అడిగిన మొదటి మాట, టేపేదీ అని.

"ఇంట్లో పెట్టొచ్చినా. మా అత్త దానిమింద మాట్లాడి పంపింది."

"పాటల మీదనా?"

"టేపంటే మాట్లాడి పంపేదే కదా మే. ఆయమ్మకేం తెలుసు?"

నేను అరిచాను, అక్క ఏడ్చింది, జగిత్యాల ఆమె ఇద్దరికీ టీ పోసింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే వాళ్ళత్త చనిపోయింది. ఆ టేపును అక్క దేవుడి పటంలాగా గుడ్డలో చుట్టి పెట్టుకుంది. నేను దాన్ని వినలేదు. అత్త అన్నాక రెండు పక్కలా నిండా మాట్లాడి ఉంటుందనుకున్నాను, మా అత్తను బట్టి.

ఇక ఈమధ్య ఒక శుక్రవారం. అక్క పని ఖలాస్ చేసుకుని ఇంటికి పోతోంది. సామాను తూకం వేయడానికి మా గదికి వచ్చింది, జగిత్యాల ఆమె కూడా ఉంది. పెట్టె సర్దుతుంటే ఆ గుడ్డ మూట బయటపడింది.

"పోయేముందు ఒకసారి మీ అత్తను వినిపించక్కా," అన్నాను.

టేపు వాయించే మిషను ఈ కాలంలో ఎవరికుంది? మా ఆయనకుంది. సబ్హాన్‌లోని గోదాముకు కూలీలను తోలే కంపెనీ బస్సుకు ఆయనే డ్రైవరు, అది మా బిల్డింగు కింద నిలబడి ఉంది. ముసలి బస్సు. దాంట్లో టేపు పనిచేస్తుందా అంటే, "బ్రేకుల కన్నా బాగా పనిచేస్తుంది" అన్నాడు.

ముగ్గురం వెళ్ళి ముందు సీట్లలో కూర్చున్నాం. మా ఆయన ఏసీ వేసి, టేపు మొదటికి తిప్పి, మీట నొక్కాడు. గరగర. తర్వాత ఒక పెద్దామె.

"ఏమ్మా, మేమంతా బాగుండాం. ఆవు ఈనింది. పిల్లోడు బడికి పోతాండాడు. నువ్వు బాగా తిను. ఇంగ ఆపుతా, సెల్లులు అయిపోతాయి."

అంతే. టక్ మని చప్పుడు. అక్క కళ్ళు తుడుచుకుంటూ మీట మీదికి చెయ్యి చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"ఇంతేనా? ఇంతేనా మాట్లాడింది?"

"ఆయమ్మ మాట పొదుపు. ఆపు మే."

"తర్వాత ఏముంది?"

"నాకేం తెలుసు? సెల్లులు అయిపోతాయని చెప్పింది కదా, ఎప్పుడు విన్యా ఆడికి ఆపేస్తా."

"అక్కా, ఆమె ఆపుతానన్నది ఆమె సెల్లుల గురించి! ఇది బస్సు!"

"పెద్దామె చెప్పినాక..."

"గీ డిగ్రీతోని గొడవెందుకక్కా, ఉండనియ్యి," అంది జగిత్యాల ఆమె.

మేం ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాం. టేపులో దిండు మోగింది. ముందు ఎవరూ గుర్తుపట్టలేదు. ఆ తర్వాత ఆ మెట్టు దగ్గర ఆగి, ఒకసారి తిరిగి చూసి, పైకెక్కిన గొంతు.

*రొట్టెకు పోతిని...*

పోట్లాట మధ్యలోనే ఆపేశాను. మా ఆయన నా వైపు అపురూపంగా చూశాడు. అక్క నా చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు, గట్టిగా పట్టుకుంది. ఒక పాట, ఇంకో పాట. పక్క తిప్పితే అటువైపు అంతా మావే, అత్తగారు ఆ పక్క ముట్టుకోనే లేదు. మాట పొదుపైన ఆ మహాతల్లికి ఆ బస్సులోనే దండం పెట్టాను.

జగిత్యాల ఆమె అప్పటికే అక్క ఫోను లాక్కుని రాయచోటికి వీడియో కాల్ కలిపింది. మనవరాలు తెర మీద జడలు ఊపుతూ వింది.

"ఎవరవ్వా ఆ పాడేది?"

అక్క నా వైపు చూసింది. నేనే అరిచాను, "మీ అవ్వే!"

పిల్ల మళ్ళీ వింది. తల పక్కకు వంచి, చాలా సీరియస్‌గా, "అయితే ఆ ఎనక తప్పు తప్పుగా ఊ అనేదెవరు?" అంది.

"అది డిగ్రీ," అన్నారు ఇద్దరూ, ఒక్క గొంతుతో.

తప్పు నాది కాదు. ఆ టేపు సాగిపోయి ఉంటుంది, ఎండకు. అదే చెప్పబోతుంటే పక్కనుంచి ఇసుకలో చెప్పు ఈడ్చిన చప్పుడు వినబడింది. అక్క. పైన టేపులో తన పాత గొంతు మెట్టెక్కుతుంటే, కింద ఈ కొత్త గొంతుతో 'ఊ' అంటోంది, అసలైన చోట, అసలైన లోతులో. మేమిద్దరం ఎప్పుడూ అందుకోలేకపోయిన లోతు అది.

"పాడు అవ్వా, ఇంగా పాడు," అంటోంది ఫోనులో పిల్ల.

బస్సు చుట్టూ బిల్డింగు కూలీలు మూగారు, ఒకడు లోపలికి తొంగిచూసి ఎవరి పెళ్ళి అని అడిగాడు. తలుపు తెరిచి ఎక్కమన్నాను. దిండు లేదు కాబట్టి జగిత్యాల ఆమె సీటు వాయించింది. నేను కూడా ఊ అందుకున్నాను, సరిగ్గానే అందుకున్నాను, ఎవరేమన్నా సరే.