అరచేతిలో తూచిన కాఫీ

కాపుచినోకీ లాటేకీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నేను నోటితో చెప్పను. రెండు కప్పులు తెచ్చి చెరో చేతిలో పెడతాను. తేలిగ్గా ఉన్నది కాపుచినో, బరువుగా ఉన్నది లాటే. ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ తెలియలేదు. అప్పటిదాకా కాఫీ షాపు గుమ్మం తొక్కని మా అమ్మ నేర్పింది. ఈ మాట చెప్పుకోవడంలో నాకు కాస్త గర్వం ఉంది. కాస్తేమిటి, చాలానే ఉంది.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న పడవ మీద చేపల వేటకెళ్తాడు. అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లలో చేపలమ్ముతుంది. డిగ్రీ అయ్యాక నాకు విజయనగరంలో కొత్తగా తెరిచిన కాఫీ షాపులో పని దొరికింది. రెండువేల పదిహేనో, పదహారో. చేరిన రోజు "ఇంట్లో ఏం చేస్తారు?" అని తోటివాళ్లు అడిగితే "బిజినెస్" అన్నాను. అబద్ధమైతే కాదు గానీ, ఆ పూటంతా నా మీద నాకే చిరాకుగా ఉంది.

మొదటి మూడు నెలలూ బల్లలు తుడవడం, కప్పులు కడగడం. మిషన్ దగ్గర నిలబడాలంటే హైదరాబాదు నుంచి వచ్చే ట్రైనర్ పెట్టే పరీక్ష నెగ్గాలి. నెగ్గకపోతే మళ్లీ బల్లల దగ్గరికే. నాకు ఆ మిషన్ కావాలి. బుసలు కొడుతూ, తళతళా మెరుస్తూ, షాపంతటికీ అదే దొర. దాన్ని ఆడించే మనిషిని నేనే కావాలని పట్టుపట్టాను.

జనం లేని వేళల్లో మిషన్ మీద సాధన చెయ్యనిచ్చేవారు. ఎస్‌ప్రెసో ఆ సాధన మొదలైన వారంలోనే పట్టుబడింది. పొడి వేసి, అదిమి, బిగిస్తే మిషన్ రెండు గుక్కల చిక్కటి డికాషన్ దించుతుంది. మిగతావాటన్నిటికీ తల్లి అదే. అందులో వేణ్నీళ్లు పోస్తే అమెరికానో, ఒక చెంచాడు పాల నురగ పెడితే మకియాటో. తంటా అంతా పాలు ఎక్కువ పోసేవాటితోనే. పాలల్లోకి ఆవిరి పెట్టి ఎంత గాలి ఎక్కించామన్నదే అక్కడి కిటుకు. గాలి బాగా ఎక్కించి, కప్పులో మూడో వంతు నురగే ఉండేలా పోస్తే కాపుచినో. గాలి తగ్గించి, పాలు ఎక్కువ పోసి, పైన పల్చగా నురగ తేలిస్తే లాటే. ఇంకా చిన్న కప్పులో, పాలు తగ్గించి, డికాషన్ ఘాటు తెలిసేలా ఇస్తే ఫ్లాట్ వైట్. ఇదంతా పుస్తకంలో బొమ్మలతో సహా ఉంది. కంఠతా పట్టాను. చేతికి మాత్రం ఎక్కలేదు.

నేనేది చేసినా నురగే. ఎందుకో నాకు తెలుసు. మా వీధిలో ఇంటికొచ్చిన మనిషికి నురగ లేని టీ ఇస్తే, పొద్దుటిది వెచ్చబెట్టి ఇచ్చారనుకుంటారు. అందుకే ఆడపిల్లకి గ్లాసు పట్టుకోవడం వచ్చిన దగ్గర్నుంచి మూరెడు ఎత్తు నుంచి టీ తిరగబోయడం నేర్పుతారు. నా చేతికి నురగంటే మర్యాద. తగ్గించి ఇవ్వడానికి ఆ చెయ్యి ఒప్పుకునేది కాదు.

ట్రైనర్ మొదటిసారి వచ్చినప్పుడు నా లాటేలో చెంచా ముంచి చూశాడు. "నువ్వు కాఫీ ఇవ్వట్లేదమ్మా, సబ్బు నురగ ఇస్తున్నావు. వచ్చే నెల మళ్లీ వస్తాను. అప్పటికీ రాకపోతే మిషన్ మీద ఆశ వదులుకో" అన్నాడు, అందరి ముందూ. ఒళ్లు మండిపోయింది. కానీ అతనన్నది నిజమే.

ఈలోగా వేసవి వేట నిషేధం వచ్చింది. పడవలు ఒడ్డెక్కితే అమ్మకి తట్ట ఎత్తే పని ఉండదు. ఆమదాలవలసలో రైలెక్కి నన్ను చూడ్డానికి వచ్చింది. మధ్యాహ్నం కావడంతో షాపులో జనం లేరు. మేనేజరు మంచివాడు, కూర్చోమన్నాడు. అమ్మ కుర్చీ అంచున కూర్చుని, ఏసీ వంక చూసి, "ఏటే అమ్మీ, ఇంత సల్లగున్నాది, కాఫీ సల్లారిపోదేటి?" అంది.

నా గొప్ప చూపించుకోవాలని, ఒకే సైజు కప్పుల్లో ఒక లాటే, ఒక కాపుచినో చేసి ముందు పెట్టాను. "ఇవి రెండూ వేరే వేరే. తాగి తేడా సెప్పు" అన్నాను.

అమ్మ తాగలేదు. చెరో అరచేతిలో చెరో కప్పు పెట్టుకుని, కళ్లు సగం మూసి, కాస్త పైకీ కిందికీ ఆడించింది. చేపలప్పుడూ అంతే. అరకిలో అడిగితే ముందు అరచేతిలో తూచి, ఆ తర్వాతే కాటాలో వేస్తుంది. కాటా ఎప్పుడూ అమ్మ మాటే చెప్పేది.

"రెండూ ఒకటే కదే" అంది.

"కాదమ్మా, అది లాటే, ఇది..."

"ఒకటే బరువున్నాయి. సరుకొకటి, పేర్లు రెండా? సవక సూర సేపనిచ్చి ఖరీదు వంజరమని అమ్ముతన్నావేటే? నా కడుపున పుట్టి ఇదేటి పని?"

నవ్వుతూ అనలేదు. నా మొహం మాడిపోయింది. కానీ అప్పుడే నాకు వెలిగింది. గాలికి బరువేముంది? నురగ ఎక్కువైతే కప్పు తేలికవ్వాలి, పాలు ఎక్కువైతే బరువెక్కాలి. రెండూ ఒకే తూకంలో ఉన్నాయంటే నేను చేసింది ఒకటే కాఫీ అన్నమాట.

మళ్లీ చేశాను. "ఇంకా ఒకటే" అంది. మళ్లీ చేశాను. మేనేజరు పాల ప్యాకెట్ల వంక చూశాడు. నాలుగోసారి అమ్మ కుడిచెయ్యి కాస్త దిగింది.

"ఇది బరువు. దీన్లో సరుకున్నాది. అది ఉత్త పొంగు."

"అదే కాపుచినో. అది అలాగే ఉండాలమ్మా."

"పొంగని సెప్పి పొంగు అమ్మితే తప్పు నేదు" అంది. అప్పుడు తాగింది. లాటే నచ్చింది. కాపుచినో మూతికంటుకుంటోందని పక్కన పెట్టేసింది.

ఆ రోజు నుంచి ప్రతి కప్పునూ అరచేతిలో తూచాకే కౌంటరు దాటనిచ్చాను. తోటివాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

అన్నట్టే ట్రైనర్ వచ్చాడు. ఎస్‌ప్రెసో, మకియాటో, ఫ్లాట్ వైట్ ఒక్కొక్కటీ రుచి చూసి తలూపాడు. చివరికి పార్సిల్ ఆర్డర్ చెప్పాడు: మూడు లాటేలు, రెండు కాపుచినోలు. అన్నీ ఒకే సైజు కాగితం కప్పులు. చేశాను, మూతలు బిగించాను, ట్రేలో పెట్టాను. అప్పుడు చూసుకుంటే, కంగారులో మూతల మీద ఏది ఏదో రాయడం మర్చిపోయాను. అతనది పట్టేశాడు. ట్రేలో కప్పుల్ని అటూ ఇటూ మార్చేసి, "ఇప్పుడు ఏది ఏదో చెప్పు. మూత తీశావా, ఓడిపోయినట్టే" అన్నాడు.

చెమట పట్టింది. మరుక్షణం నవ్వొచ్చింది. ఇలాంటి పరీక్ష మా అమ్మ ఇరవై ఏళ్లుగా వీధి వీధినా నెగ్గుతూనే ఉంది. ఒక్కో కప్పే ఎత్తి, పైకీ కిందికీ ఆడించి, బరువైనవి కుడివైపు, తేలికైనవి ఎడమవైపు పెట్టాను. ఆ సమయంలో నేను కళ్లు సగం మూసుకున్నానని తర్వాత తోటివాళ్లు చెప్పారు. అతను ఐదు మూతలూ తీసి, అన్నిట్లోనూ చెంచా ముంచి చూశాడు. ఒక్కటీ తప్పలేదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. గొంతులో ఎగతాళి లేదు.

"మా అమ్మ సేపలమ్ముతాది సార్. ఆవిడ దగ్గర" అన్నాను. ఊరి మాటే వచ్చింది, సరిదిద్దుకోలేదు. మేనేజరూ, తోటివాళ్లూ, కాఫీ తాగుతున్న ఇద్దరు కస్టమర్లూ విన్నారు. వినాలనే గట్టిగా అన్నాను.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, పరీక్ష నెగ్గానని, రేపట్నుంచి మిషన్ దగ్గర నేనేనని చెప్పాను. అమ్మకి మిషన్ గొడవ పట్టలేదు.

"తూకం సరిగ్గా ఇచ్చావా?" అంది.

"ఇచ్చానమ్మా."

"అయితే నా కూతురివే."